అడుగున వదిలిన జానెడు నూనె

“మే, పైన తేటది మాత్రమే తీయల్ల. అడుగుది అట్లే వదిలెయ్. ఆశ పడొద్దు.”

“నీ కంపు నూనె నేనెందుకు ముట్టుకుంటానయ్యా? పో, పోయి ఆ హోటళ్లన్నీ నాకి రా.”

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆయన నవ్వుకుంటూ రెండు ఖాళీ డబ్బాలు మోపెడ్‌కు కట్టుకొని సోమందేపల్లె పోయాడు. హైవే పక్కన హోటళ్లవాళ్లు పూరీలు, బజ్జీలు వేయించి వేయించి నల్లబడిన నూనెను పారబోస్తారు కదా, అది అడిగి తెచ్చుకునేవాడు. ఆ రోజు ఒక హోటలు ముందర బల్ల మీద కూర్చుని నీళ్లు అడిగాడట. గ్లాసు తెచ్చేలోపే గుండె ఆగిపోయింది.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకే మా ఆయన అక్కను, అంటే మా వదినను కూర్చోబెట్టి ఇదంతా చెప్పి రాయిస్తున్నాను.

మా చేనులో బోరు ఎప్పుడో ఎండిపోయింది. ఒక మూల గుంత తవ్వించుకున్నాం. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు పైకి తోడడానికి ఒక పాత డీజిలు ఇంజను ఉంది. డీజిలు కొనలేక మా ఆయన ఈ నూనె దారి పట్టాడు. తెచ్చిన నూనెను జల్లెడ పట్టి, తన పాత పంచెలో వడకట్టి, డ్రమ్ముల్లో పోసి ఎండలో పెట్టేవాడు. మా ఎండకు నూనె పలచబడి, అందులోని నీళ్లూ మాడిన పిండీ అడుక్కు దిగేవి. పదిహేను రోజులయ్యాక, కిరసనాయిలు డ్రమ్ములకు వాడే చేతి పంపుతో పైన తేటదంతా తోడేవాడు. ఇంజనును కాస్త డీజిలుతో మొదలుపెట్టి, అది వేడెక్కాక ఈ నూనెకు మార్చేవాడు. ఆపే ముందు మళ్లీ డీజిలు. చేను చుట్టూ బజ్జీల వాసన వచ్చేది. నాకు వాంతి వచ్చేది.

ఆయన పోయిన ఏడే చెనక్కాయ చెట్టుకు కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకునేవి. గుంతలో రెండు తడులకు సరిపడా నీళ్లున్నాయి, ఎండకు అవీ రోజుకింత తగ్గుతున్నాయి. వారం ఆగితే చెట్టూ దక్కదు, నీళ్లూ దక్కవు. పశువుల కొట్టం పక్కన ఆయన నింపి పెట్టిన డ్రమ్ములు రెండు మాత్రం అట్లాగే ఉన్నాయి.

మొదటి డ్రమ్ము మూత తీశాను. ఆయన పంపు కొట్టడం ఎన్నిసార్లు చూడలేదు! గొట్టం అడుగుదాకా దించి, ఆఖరి చుక్క వరకూ లాగేశాను. డబ్బాలో పోస్తే చిక్కగా, నల్లగా ఉంది. అదే పోసి ఇంజను తిప్పాను. డీజిలుతో బాగానే లేచింది. నూనెకు మార్చగానే దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు.

పక్క చేను రైతు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

“ఏమక్కా, ఇంజన్లో బజ్జీలు ఏపుతాండావా?”

“నీకొక ప్లేటు పంపుతాలేప్పా, నీ పని నువ్వు చూస్కో.”

మాటైతే అన్నాను గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొస్తే మా వదిన ఇంకో వైపు నుంచి పట్టుకుంది.

“పోయినోని పిచ్చి నీకూ పట్టిందా మే? పాత ఇనుమోనికి తూకానికి ఏసెయ్ దాన్ని.”

“గుంతలో నీళ్లుండంగా ఎట్ల ఏసేది వదినా?”

పొద్దున్నే బిందె తీసుకుని పంచాయతీ ట్యాంకరు దగ్గర నిలబడ్డాను. నా ముందున్న ఆమె తన నీళ్ల డ్రమ్మును ఒరగబెట్టి, అడుగున మిగిలిన చెంబెడు నీళ్లను మన్నుతో సహా బిందెలోకి ఒంపుకుంటోంది. నేనూ చిన్నప్పటి నుంచి అదే చేశాను. ఇసుక తోడి, చెలమ అడుగు గీకి గీకి నీళ్లు తెచ్చినదాన్ని. అడుగున ఉన్నది వదిలిపెట్టే చెయ్యి కాదు నాది. ఆశ పడొద్దని ఆయన నాతో అన్నది ఆ చేతి గురించే అని అప్పుడు తట్టింది. బిందె నిండకుండానే ఇంటికి పరిగెత్తాను.

ఇంజను ఫిల్టరు విప్పి, గొట్టాలు విప్పి డీజిలులో కడిగాను. రెండో డ్రమ్ము లోతును కట్టెతో కొలిచి, అడుగు నుంచి జానెడు పైకి నిలిచేలా పంపు గొట్టానికి గుడ్డపీలిక కట్టాను. పీలిక డ్రమ్ము అంచుకు తగలగానే గొట్టం దించడం ఆపాను. మెల్లగా, నూనె కదలకుండా తోడాను. తేనె రంగులో వచ్చింది. అయినా నమ్మకం కుదరలేదు. పెనం కాల్చి ఒక చుక్క వేశాను. వంట చేసే చేతికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, నూనెలో నీళ్లుంటే చిటపటలాడుతుంది. చప్పుడు లేదు. మా ఆయనకు కూడా ఈ పరీక్ష తెలియదు. ఇది నాది!

అడుగున జానెడు నూనె మిగిలిపోయింది. దాన్ని వదిలి మూత పెట్టడానికి చెయ్యి రాలేదు. అయినా పెట్టాను.

చేను దగ్గర ఇంజను డీజిలుతో లేచింది. వేడెక్కేదాకా ఆగి, నూనెకు మార్చాను. ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు చేసి, దడదడమని అందుకుంది. పైపు లోంచి నీళ్లు ఎగజిమ్మి సాలులో పడ్డాయి. నేను ఆ నీళ్ల వెంబడే సాలు చివరిదాకా నడిచాను, చీర మోకాళ్లదాకా తడిసినా పట్టించుకోలేదు. ఆ బజ్జీల వాసన గుండెల నిండా పీల్చుకున్నాను.

వారం తిరక్కుండా రెండు తడులూ పెట్టాను. పంట పీకే నాడు ఒక్కో చెట్టుకు కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. పక్క చేను రైతు ఖాళీ డబ్బా పట్టుకుని గట్టు దిగాడు.

“అక్కా, ఆ నూనె ఎట్ల తేర్చేదో రవ్వంత చెప్పల్ల.”

“ఏమప్పా, బజ్జీలు తిననీకి వచ్చినావనుకున్యానే!”

అతనూ నవ్వాడు. పెనం దగ్గర కూర్చోబెట్టి అన్నీ నేర్పించాను. మొదటి పాఠం మాత్రం అడుగుది ముట్టొద్దు అనేదే.

ఇంక చాలు వదినా, కలం పెట్టు. పోయినోనితో అట్ల తిట్టి మాట్లాడినానని రాస్తే బాగుండదని గొణుగుతాంటివే, నేనన్న మాట కొట్టేయలేదు కదా? అది ఉండల్ల. అది ఇని నవ్వుకుంటానే పోయినాడు ఆయన. ఏదీ, మొదుట్నుంచీ చదువు, ఇందాము.