సింహాద్రి ఎడమ పక్క

కోవిడ్ తగ్గిన ఏడాది చలికాలం. చింతపల్లిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన సింహాద్రిని భార్య దేవుడమ్మ తీసుకొచ్చింది. ఆయన ఘాట్ రోడ్డు మీద సర్వీసు జీపు నడిపే మనిషి.

రోజూ బల్ల మీద తువ్వాలు తోయించాను, స్టీలు గ్లాసు ఎత్తించాను, చొక్కా గుండీలు పెట్టించాను. మెల్లగా పట్టు వచ్చింది. అయినా నాకు బెంగగానే ఉండేది. చెప్పినప్పుడే ఆ చెయ్యి పనిచేసేది, చెప్పకపోతే ఒళ్లో పడి ఉండేది. ఒకరోజు అక్కడే అన్నం తింటూ భార్యతో "ఇంకొంచెం పెట్టు" అన్నాడు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే ఉంది. దీన్ని మేము నెగ్లెక్ట్ అంటాం. కళ్లు బాగానే ఉంటాయి, మెదడే ఒక పక్కను లెక్కలోకి తీసుకోదు.

"అప్పుడే జీపు తియ్యకండి" అన్నాను.

"ఏటి మేడమ్‌గారూ! గేరు రాడ్డు పట్టేత్తన్నాను కదా. ఇంకేటి కావాల?" అని విసురుగా వెళ్లిపోయాడు.

మర్నాడు సంత. పొద్దున్నే దేవుడమ్మ ఫోన్ చేసింది.

"బేగి రండమ్మా. తాళాలు లాక్కుని స్టాండుకి ఎలిపోనాడు. నా మాట ఇనడు."

పరుగెత్తాను. అప్పటికే జీపు నిండా జనం, ఇంజను స్టార్టయింది. ఎడమ పక్క ఒక ముసలమ్మ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టింది, రెండో కాలు ఇంకా నేల మీదే ఉంది. నేనూ అటువైపు నుంచే "సింహాద్రిగారూ, ఆపండి!" అని అరిచాను. నా గొంతు విన్నాడు. విని, కుడి పక్కకు తిరిగి నాకోసం వెతికాడు. ఎవరూ కనబడకపోయేసరికి జీపు కదిలించాడు.

లోపలివాళ్లంతా కేకలు వేశారు. బ్రేకు పడింది. ముసలమ్మ కమ్మీ పట్టుకుని వేలాడుతోంది.

"ఇటు. ఎడమకి చూడండి."

మెల్లగా తల తిప్పాడు. మా ఇద్దరినీ చూసేసరికి మొహం పాలిపోయింది.

"మీరెప్పుడొచ్చినారు? ఈ ముసల్ది ఎప్పుడెక్కింది?"

ఆయన దిగి, అప్పుడే ఆయాసపడుతూ వచ్చిన దేవుడమ్మ చేతిలో తాళం పెట్టేశాడు.

తర్వాత చాలా నెలలు, ఏ పనికైనా ముందు తల ఎడమకు తిప్పడం, చేతిని చూసుకోవడం నేర్పాను. ఇప్పుడు రెండు చేతులతో లుంగీ కట్టుకుంటాడు, కాఫీ పళ్లు కోస్తాడు. జీపు బావమరిది నడుపుతున్నాడు. "ఎడం పక్క కొమ్మలు ఇప్పటికీ మర్సిపోతన్నాను" అన్నాడు ఒకసారి. ఆ పళ్లు వెనకే వచ్చి దేవుడమ్మ కోస్తుందట.

చెయ్యి బాగైందని ఎవరైనా చెబితే ఇప్పుడు నేను వెంటనే సంతోషపడలేను. ఏ పనీ చెప్పకుండా కాసేపు పక్కన కూర్చుంటాను. ఆ చెయ్యి తనంతట తాను దేనికైనా ముందుకొస్తుందా అని చూస్తాను. రాకపోతే, ఆ మనిషిని ఇంటికి పంపడానికి భయమేస్తుంది.