చుక్క పడకుండా ఫిల్టర్ మార్చిన రోజు

కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. లారీ స్టీరింగ్ ముందు తప్ప ఎక్కడా ఒకచోట ఉండని మనిషిని. అలాంటివాణ్ని, పక్షవాతంతో కుడిచెయ్యి మొద్దుబారి దవాఖానలో పడి లేచొచ్చాక, మంచం మీద కూర్చుని రబ్బరు బంతి పిసుకుతూ ఉండమంటే ఎలా ఉంటుంది? కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వాకిట్లోకి, లోపలికి, మళ్లీ వాకిట్లోకి. పొద్దున్నే లారీ స్టార్ట్ చేసి, కాసేపు ఆ చప్పుడు విని, ఎక్కడికీ పోకుండానే ఆపేసేవాణ్ని. కాజీపేటలో మా గల్లీవాళ్లకు అలారం అవసరం లేకుండా పోయింది.

మిర్చి సీజన్ దగ్గరపడ్డకొద్దీ నాకు ఒంటిమీద చీమలు పాకినట్టుండేది. పరకాల వైపు కల్లాల్లో కాయ ఎండుతోందని, మార్కెట్ యార్డుకు లోడ్లు మొదలయ్యాయని తోటి డ్రైవర్లు ఫోన్ చేసి చెప్పేవాళ్లు. "అన్నా, ఎప్పుడొస్తానవే?" అని వాళ్లు, "వస్తాన తియ్, జర ఆగు" అని నేను. ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి నా భార్య ముఖం మాడిపోయి ఉండేది.

ఆమెది ఒకటే పాట, లారీ అమ్మెయ్ అని. వాళ్ల తమ్ముడు బేరం కూడా తెచ్చాడు. కొనే మనిషి జవాబు కోసం కాచుకుని ఉన్నాడట. అన్నం పెడుతూ అదే మాట, మాత్రలిస్తూ అదే మాట, చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నా చెయ్యి బాగానే ఉందని నేనంటే, "అన్నం కలిపేటప్పుడు చూస్తలేనా?" అనేది. పోనీ ఇంకో డ్రైవర్ని పెడదామా అంటే, ఒకణ్ని పెట్టి చూశాను. వాడు వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా నా తల ప్రాణం తోకకొచ్చింది. నా బండి వేరేవాడి కాలికింద ఉంటే నాకు ముద్ద దిగదు.

ఒక శనివారం పొద్దున ఇక ఆగలేకపోయాను. "ఇయ్యాల ఆయిలు, ఫిల్టరు మారుస్త. సోమవారం పరకాల లోడుకు పోత," అన్నాను.

ఆమె ఒంటికాలి మీద లేచింది. "నిరుడు నువ్వు మారుస్తే వాకిలంత ఆయిలే. కూటానికొచ్చిన అక్క జారిపడి నడుము పట్టేసుకున్నది, యాదికున్నదా?"

కూటమంటే, మా వాకిట్లో చాపలేసుకుని ఆడవాళ్లు జరుపుకునే ప్రార్థన. వాళ్లకోసమే ఆ వాకిలంతా ఈమె కొత్తగా సిమెంటు చేయించింది.

"ఈసారి ఒక్క చుక్క గూడ పడనియ్య."

"ఈ చేత్తోనా?"

అదిగో, ఆ మాట నా నెత్తికెక్కింది. "ఈ చేత్తోనే! చుక్క కిందపడితే లారీ అమ్మేస్త. పడకపోతే మళ్ల అమ్మే మాట ఎత్తొద్దు నువ్వు."

ఆమె కొంగు బొడ్లో దోపింది. "సరే. మాట మీద నిలబడు."

వంద మాటలెందుకు, ఆ రోజు పని చేసినంత శ్రద్ధగా నేను మా పెళ్లిలో కూడా నిలబడలేదు. ఇంజన్ కాసేపు నడిపి ఆపాను. కొద్దిగా వేడెక్కితే పాత ఆయిల్ పలచబడి తొందరగా దిగుతుంది. లారీ కింద పాత ఫ్లెక్సీ పరిచి, దానిమీద అట్టపెట్టెలు విప్పి వేశాను. ఇంజన్ అడుగున ఉండే నట్టు విప్పి, ఆయిలంతా వెడల్పాటి తస్లాలోకి దించాను. ధార సన్నబడి, చుక్కలై, ఆ చుక్కలూ ఆగేదాకా కదల్లేదు. నేను! కదలకుండా! ఆమె అరుగు మీద కూర్చుని, కళ్లలో వత్తులేసుకుని సిమెంటు నేలనే చూస్తోంది.

అసలు గండం ఫిల్టర్ దగ్గరే. అది ముందు చక్రం వెనకాల, ఇంజన్ పక్కన డబ్బాలా ఉంటుంది. విప్పడం మొదలుపెట్టగానే దానిలో మిగిలిన ఆయిల్ చేతిమీదుగా మోచేతిదాకా కారి, అక్కణ్నుంచి నేలమీద పడుతుంది. అందుకని పానాతో కొంచెం వదులు చేసి, మందపాటి ప్లాస్టిక్ సంచి కిందనుంచి తొడిగి, సంచి పైనుంచే పట్టుకుని తిప్పాను. ఫిల్టరూ, దాని ఆయిలూ రెండూ సంచిలోకే దిగాయి. సంచి మూతి ముడేసి బయటికి తెచ్చి చూపించాను. "ఏది? చూపెట్టు, ఏడ పడ్డది?" అన్నాను. ఆమె మూతి తిప్పుకుంది.

కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి బిగించాను. కొత్తదాన్ని పానాతో బిగించకూడదు, రబ్బరు నలిగిపోతుంది. చేత్తోనే తిప్పాలి, రబ్బరు తాకాక ఇంకో ముప్పావు చుట్టు. నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన పద్ధతి అది. తిప్పాను. పళ్లు బిగబట్టి తిప్పాను. ఇక తిరగనంతవరకూ తిప్పాను. నట్టు బిగించి, తస్లాలోని పాత ఆయిల్ డబ్బాలోకి వంపి, కొత్త ఆయిల్ గరాటాతో పోసి, ఫ్లెక్సీ పక్కకు లాగితే కింద సిమెంటు తళతళలాడుతోంది. నా సంతోషం చూడాలి! లోడ్లు మోసిన రోజుల్లో కూడా అంత పొంగిపోలేదు.

"అయిపోలే. స్టార్ట్ చెయ్. ప్రార్థన చేద్దాం," అంది ఆమె.

అది మా ఇంటి అలవాటు. తోటి డ్రైవర్లు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మేం ఏ రిపేరు చేసినా ఇంజన్ నడుస్తుండగానే లారీ ముందు నిలబడి, రేకు మీద చెయ్యిపెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాం. నిజానికి ఫిల్టర్ మార్చాక ఆ కాసేపట్లోనే కిందికి వంగి కారుతోందేమో చూడాలి. మేమేమో సరిగ్గా ఆ కాసేపే కళ్లు మూసుకుంటాం. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. నా బిగింపు మీద నాకంత ధీమా.

ఇంజన్ స్టార్ట్ చేసి దిగొచ్చి కళ్లు మూసుకున్నాను. ఆమె గొంతెత్తి మొదలుపెట్టింది. ఆమె ప్రార్థన తొందరగా తెమలదు. రోడ్లు, వంతెనలు, అడ్డమొచ్చే బర్రెలు, ఎదురొచ్చే బండ్ల డ్రైవర్లకు నిద్ర రాకుండా చూడమనడం, అన్నీ ఉంటాయి. నేను ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారుతున్నాను. సోమవారం ఏ దారిన పోవాలో లెక్కేసుకుంటున్నాను. ఇంతలో ఆమె గొంతు ఎక్కడో కిందనుంచి వస్తున్నట్టు అనిపించి కళ్లు తెరిచాను.

పక్కన ఆమె లేదు.

వంగి చూశాను. చక్రం వెనకాల ఒక మోచెయ్యి నేలకు ఆనించి పడుకుని ఉంది. ఇంకో చేత్తో తస్లాను ఫిల్టర్ కింద ఎత్తిపట్టింది. ఫిల్టర్ చుట్టూ ఆయిల్ కారుతోంది. తస్లాకు అందకుండా పక్కకు వచ్చేదాన్ని భుజం అడ్డుపెట్టి ఆపుతోంది. రవికె అంతా తడిసిపోయింది. నోరు మాత్రం ఆగలేదు. "ప్రభువా, ఆయన చేతికి బలమియ్యి, ఆయన మనసు కష్టపెట్టకు..." నేను కళ్లు తెరవకుండా ఉండాలని ఇంకా గట్టిగా అంటోంది.

గబగబా ఎక్కి ఇంజన్ ఆపాను. కిందనుంచి "ఆమెన్" అని వినిపించింది.

ఆమె బయటికొచ్చి నేల చూపించింది. "ఒక్క చుక్క పడలే. చూస్కో. నువ్వే గెల్చినవ్."

"కారుతాందని చెప్పొచ్చు గదనే."

"గంతదానికి ఏమైతది? జర గట్టిగ తిప్పితే అయిపాయె." ఒళ్లు తుడుచుకుని, చెయ్యి పెట్టి తనే తిప్పింది. తిరిగింది. నేను ఇక తిరగదనుకున్న ఫిల్టర్, ఆమె చేతిలో ఇంకో అరచుట్టు తిరిగింది.

బైబిలు మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేయమన్నా, బిగించాననే చెప్పేవాణ్ని. చెయ్యి బలహీనంగా ఉందని తెలిస్తే జాగ్రత్తపడొచ్చు. బలహీనంగా ఉన్న సంగతే తెలియకపోతే? బ్రేకు తొక్కే కాలూ ఆ పక్కదే. వెనకాల మిర్చి బస్తాల లోడు, ముందర రోడ్డు దాటే జనం. తొక్కాననుకుని నేను తొక్కకపోతే, అక్కడ తస్లా పట్టుకోవడానికి ఈమె ఉండదు.

"మీ తమ్మునికి ఫోన్ చెయ్. అమ్ముతానని చెప్పు," అన్నాను.

"గెల్చినవ్ గదా! ఇంకెందుకు?"

"చెయ్ అంటాన."

"చుక్క పడలే! నేను చూసిన, ఒక్క చుక్క గూడ పడలే!" అని నామీద అరిచింది. ఇన్నాళ్లూ లారీ అమ్మెయ్యమని నా ప్రాణం తీసిన మనిషి, ఆ ఆయిల్ చేతులతోనే నా చొక్కా పట్టుకుని, వద్దని ఏడ్చింది.