మెత్తన్న కుట్టిన వెనక సీటు

ఉదయం వాన కాస్త తెరిపి ఇచ్చింది. అన్నయ్య కారు వెనక తలుపులోంచి సగానికి వంగి, మనవరాలి భుజాల మీది పట్టీలు లాగి బిగిస్తున్నాడు.

“ఊపిరాడుతోందా మహారాణీ?”

“ఆడట్లేదు!” అంది మూడేళ్ళ మహారాణి, కాళ్ళు ఊపుతూ.

“ఇంత గట్టిగా అరుస్తున్నావంటే ఆడుతున్నట్టే.”

భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో చిటికెడు పట్టి చూశాడు. వేళ్ళకు మడత అందలేదు, అంత బిగువుగా ఉంది. తృప్తిగా తల ఊపి, కారు చుట్టూ తిరిగివెళ్ళి, అవతలి తలుపులోంచి ఎక్కి పాపకు ఎడమపక్కన కూర్చున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. కారు వీధి మలుపు తిరిగేదాకా వెనక అద్దంలో ఆయన బట్టతల కనిపిస్తూనే ఉంది.

మా అన్నయ్యది కార్ల కుషన్ పని. పాత సీట్లకు కొత్త స్పాంజి వేయడం, కవర్లు కుట్టడం. ఆయన సీట్లో కూర్చున్నవాడికి లేవబుద్ధి కాదని పేరు. అందుకే వీధిలో అందరికీ మెత్తన్న అయ్యాడు. మా వదిన మాత్రం “మెత్తదనమంతా దుకాణంలోనే ఖర్చు పెట్టి ఇంటికొస్తారు” అనేది.

దుకాణంలోకి వెళ్తే ముందు జిగురు వాసన గుప్పున కొట్టేది. గోడకు రెగ్జిన్ చుట్టలు, కింద స్పాంజి ముక్కలు, మధ్యలో పెద్ద కుట్టుమిషను. కవరు తొడిగాక అరచేత్తో సీటంతా ఒకసారి నిమిరేవాడు. ఎక్కడా ముడత ఉండకూడదు, ఎత్తుపల్లం ఉండకూడదు. వెనక సీట్లో బెల్టులు తగిలించే బకిల్స్ మాత్రం ఆయనకు కంట్లో నలుసులు. వాటి కోసం చక్కటి కవరుకు కన్నాలు పెట్టడానికి చెయ్యి వచ్చేది కాదు. కిందికి నొక్కేసి పైన కవరు బిగించేవాడు. ఆ వీధిలో కుషన్ పనివాళ్ళందరూ అంతే. వెనక కూర్చునేవాళ్ళు బెల్టు పెట్టుకోవడం ఎవరూ చూసి ఎరగరు. పైగా ఒత్తుకోవట్లేదని మెచ్చుకునేవాళ్ళు. నేనూ నా కారుకు అలాగే కుట్టించుకున్నాను.

కొడుకు కారు కొన్నప్పుడు ఇక చెప్పక్కర్లేదు. తేనెరంగు రెగ్జిన్, జంట కుట్టు. వెనక సీటు ఈ చివరి నుంచి ఆ చివరికి నిండు చెరువులా నున్నగా ఉండేది.

పాపకు ఏడాది నిండకముందే కోడలు పిల్లల సీటు కొంది. ఊరికే కొనలేదు. పాప బరువు తూచి, పొడుగు కొలిచి, దుకాణంవాడి చేత తన కారులోనే పెట్టించి చూస్తానని పట్టుబట్టింది. తీరా పెట్టబోతే బెల్టు తగిలించే చోటు లేదు.

“మామయ్యగారూ, బకిల్ ఏదండీ?”

“కింద నిద్రపోతోందమ్మా. లేపకు.”

“లేపకపోతే సీటు నిలబడదు. బెల్టు దీని వెనకనుంచి వచ్చి అక్కడ తగలాలి.”

అన్నయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి బ్లేడు తెచ్చి, డ్రైవరు వెనక వైపు, తన కుట్టు పక్కనే చిన్న గాటు పెట్టాడు. అప్పుడు ఆయన ముఖం చూస్తే ఎవరో తన చెయ్యి కోస్తున్నట్టుంది.

“ఆ వైపుది కూడా కోసెయ్యండి” అంది కోడలు.

“ఒక్క గాయం చాల్లేమ్మా. అక్కడ కూర్చునేది నేనే కదా! పట్టుకోడానికి రెండు చేతులున్నాయి నాకు.”

“పెట్టించుకో అన్నయ్యా, చిన్న గాటే కదా” అన్నాను నేను.

“నీ కారుకు పెట్టించుకున్నావా? ఊరికే చెప్పొచ్చావ్!”

అందరం నవ్వాం. మాట అక్కడితో పోయింది.

అసలు పేచీ తర్వాత మొదలైంది. పిల్లల సీటును ఆయన వేలితో నొక్కి చూసి, “ఇది సీటా, పీటా?” అన్నాడు. పాపను వెనక్కి తిరిగి కూర్చోబెట్టడమూ నచ్చలేదు. “బండి ముందుకెళ్తుంటే పిల్ల వెనక్కి చూడటమేంటి, వదిలేసిన ఊరిమీద బెంగా?” కారు గుద్దుకుంటే చిన్నపిల్లల మెడ ఆగదనీ, ఇలా కూర్చుంటే ఆ దెబ్బ వీపంతా పంచుకుంటుందనీ కోడలు ఓపిగ్గా చెప్పింది. సరే అన్నాడు కానీ, మర్నాడే ఆ సీటును దుకాణానికి ఎత్తుకెళ్ళి, లోపల మందపాటి స్పాంజి వేసి, పైన ముఖమల్ కుట్టి తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది.

కోడలు పాపను కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, “ఇప్పుడు పాపను మెల్లగా వెనక్కి నొక్కండి” అంది. నొక్కాడు. స్పాంజి అణిగింది. బిగువుగా ఉన్న పట్టీ వదులై, దాని కిందికి ఆయన పిడికిలి మొత్తం దూరింది.

స్పాంజి ఎంత అణుగుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా? ఆ కుట్టంతా అక్కడికక్కడే తనే విప్పేశాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. పాపకు స్వెట్టరుతో పట్టీలు వేయనిచ్చేవాడు కాదు. అది విప్పి, పట్టీలు బిగించి, స్వెట్టరును పైన కప్పేవాడు. పట్టీ మెలిపడితే మొదటి నుంచీ సరిచేయాల్సిందే. పాప పెరిగి, ఈ మధ్యే ముందుకు తిరిగింది. ఇక తాతా మనవరాలూ ఒకే వైపు చూస్తూ కబుర్లు. అలా ప్రయాణం చేసిన ప్రతిసారీ ఆయన కింద, కవరు కింద, ఆ రెండో బకిల్ ఉంది. అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ ఉదయం కోడలి పుట్టింటికి బయల్దేరారు. దారిలో వాన మళ్ళీ అందుకుంది. వంతెన దిగేచోట ముందు పోతున్న వ్యాను ఉన్నట్టుండి ఆగింది. మా మేనల్లుడు బ్రేకు తొక్కాడు. కారు జారి, కుడి మూల సిమెంటు గోడకు కొట్టుకుంది. ముందు కూర్చున్న ఇద్దరికీ బెల్టు ఒరుసుకున్న చోట కమిలింది. పిల్లల సీటు పెట్టినచోటు నుంచి కదలలేదట. పాపకు ఎడమచెయ్యి విరిగింది. అన్నయ్య ప్రాణం ఆసుపత్రి దాకా ఆగలేదు.

పట్టీలు అంత గట్టిగా ఉన్నా చెయ్యి ఎందుకు విరిగిందని మాలో ఎవరమూ అడగలేదు. పాప బతికింది, ఆయన బిగించిన పట్టీలే బతికించాయి అని అందరం చెప్పుకున్నాం. నేనూ చెప్పాను, వచ్చినవాళ్ళకల్లా. అది అబద్ధమూ కాదు.

పాప కట్టు విప్పించుకుని వచ్చిన చాలాకాలానికి, వంటింట్లో పాలు కాస్తూ, కోడలు నా వైపు తిరగకుండా చెప్పింది.

“అత్తయ్యా, ఆ రోజు డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఒక మాట అడిగారు. ఈ దెబ్బ సీటు వల్ల తగిలింది కాదు, పక్కనుంచి ఏదో బరువైనది వచ్చి పడింది, పాప పక్కన సామాను పెట్టారా అని.”

“నువ్వేం చెప్పావ్?”

“లేదండీ అన్నాను. మా మామయ్యగారు పాప పక్కన తను తప్ప ఇంకేదీ, గొడుగు కూడా ఉండనివ్వరు, అన్నీ డిక్కీలోనే పెట్టించారు అన్నాను.”