మా మోటెల్‌లో బకెట్ స్నానం

అది 1977. కాలిఫోర్నియాలో వరసగా రెండో ఏడు కూడా వానల్లేవు. ఉత్తరాన, హైవే పక్కన ఒక చిన్న ఊళ్లో మావారూ నేనూ పద్నాలుగు గదుల మోటెల్ నడుపుతున్నాం. మోటెల్ అంటే కారు గుమ్మం ముందే ఆపుకొని, రాత్రి పడుకొని వెళ్లిపోయే చిన్న హోటల్. ఆయనది ఆఫీసు, నాది హౌస్‌కీపింగ్. అంటే దుప్పట్లు, తువ్వాళ్లు, బాత్‌రూములు, ఆపైన అందరి మీదా అరవడం.

ఊరి నీళ్ల ఆఫీసు ప్రతి మీటరుకీ కోటా పెట్టింది. మేం అప్పటికే రెండు నెలలుగా కోటా దాటేస్తున్నాం. మీటర్లు చూసే హారిస్ ఒకరోజు వచ్చి, టోపీ తీసి, చావు కబురు మోసుకొచ్చినవాడిలా నిలబడ్డాడు.

"మిసెస్ రావ్, ఈ నెల కూడా దాటితే ఫ్లో రిస్ట్రిక్టర్ పెట్టక తప్పదు."

అది మీటరు దగ్గర పైపులో బిగించే చిన్న బిళ్ల. అది పడిందంటే కుళాయిలో నీళ్లు దారంలా వస్తాయి. ఒక ఇంటికైతే ఎలాగో సర్దుకోవచ్చు. పద్నాలుగు గదుల మోటెల్‌కి మాత్రం ఇక తాళం వేసుకోవడమే.

మావారు దిగాలుపడ్డారు. నాకు ఒళ్లు మండింది. నేను కనిగిరి దాన్ని! బిందెడు నీళ్లతో ఇల్లు నడిపిన వాళ్లకా ఈ పాఠాలు?

"ఏమండీ, పద్నాలుగు బకెట్లు పట్రండి. మగ్గులు కూడా."

"వాటితో వీళ్లేం చేస్తారే?"

"స్నానం చేస్తారు. మనం చెయ్యట్లా?"

గదికో బకెట్టూ మగ్గూ పెట్టాం. "షవర్ వద్దు, బకెట్ వాడండి" అని అద్దం మీద కాగితం అంటించాం. తువ్వాళ్లు అడిగితేనే మారుస్తామని ఇంకో కాగితం. బకెట్‌తో ఏం చెయ్యాలో రాయాలన్న ఆలోచన మా ఇద్దరికీ తట్టలేదు. బకెట్టూ మగ్గూ ఎందుకో తెలియని మనిషి ఉంటాడని మాకు తోస్తే కదా!

మర్నాడు చూడాలి నా అవస్థ. మూడో గదిలో బకెట్ నిండా ఐసు, ఐసులో బీరు సీసాలు. ఏడో గదిలో చేపలు, ఇంకా ఈదుతున్నాయి. తొమ్మిదో గది పెద్దావిడ మగ్గులో పువ్వులు పెట్టుకొని, "ఎంత మంచి ఆలోచన!" అని నన్ను కౌగిలించుకుంది. స్నానాలు మాత్రం అందరూ షవర్ కిందే కానిచ్చారు.

పదకొండో గదిలో కార్ల్ అని నెలంతా ఉండే గెస్టు. వాక్యూమ్ క్లీనర్ల సేల్స్‌మన్, ఆరున్నర అడుగుల మనిషి. బకెట్ పట్టుకొని ఆఫీసుకొచ్చాడు. ఆయన చేతిలో అది పప్పు గిన్నెలా ఉంది.

"మేడమ్, నాకూ సాయం చెయ్యాలనే ఉంది. కానీ ఇందులో నేను పట్టను."

ఇక లాభం లేదనుకున్నాను. కొంగు బిగించి, ఆఫీసు నడిమధ్య ఖాళీ బకెట్ పెట్టి, ఖాళీ మగ్గుతో భుజాల మీంచి పోసుకొని చూపించాను. మగ్గుతో తడుపుకోవడం, పైనుంచి నీళ్లు పారిపోతుండవు కాబట్టి తాపీగా సబ్బు, మళ్లీ మగ్గు. గది కోసం వచ్చిన ఒక కుటుంబం గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. మావారు రిజిస్టరులో తల దూర్చేశారు.

"వీపుకెలా అందుతుంది?" కార్ల్ చాలా సీరియస్‌గా అడిగాడు.

"భుజం మీంచి విసరండి."

అక్కడే నాలుగుసార్లు ప్రాక్టీస్ చేశాడు మహానుభావుడు.

అప్పట్నుంచి గదిలో దిగిన ప్రతివాళ్లకీ నా డెమో. వారంలో మోటెలంతా దారికొచ్చింది. "ఇవాళ ముప్పాతిక బకెట్టే!" అని కార్ల్ రోజూ పొద్దున్నే రిపోర్టు ఇచ్చేవాడు. నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. అప్పుడు మావారు మీటరు చూసొచ్చి తల పట్టుకున్నారు.

"రత్నం, తగ్గలేదే. కాస్త పెరిగింది కూడా."

నెల ముగియడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. నాకు అందరి మీదా అనుమానమే. తలుపులకు చెవి ఆనించి విన్నాను. ఎక్కడా షవర్ చప్పుడు లేదు. ఆ రోజు పెరట్లో రబ్బరు పైపు పట్టుకొని బకెట్లు కడుగుతుంటే కార్ల్ అటుగా వచ్చాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"నిజం చెప్పండి. దొంగచాటుగా షవర్ తిప్పుతున్నారు కదూ?"

పాపం, ఆయన మొహం చిన్నబోయింది.

"మేడమ్, నేను ఒక్క బకెట్‌తో స్నానం చేశాను. ఆ బకెట్ కడగడానికి మీరు మూడు బకెట్ల నీళ్లు పోశారు. రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మీ మతంలో ఏదో ఆచారం కాబోలని ఊరుకున్నా."

ఒకరు వాడింది ఇంకొకరికి ఇవ్వాలంటే సబ్బు పెట్టి, మూడుసార్లు తొలిచి, అనుమానం తీరక మళ్లీ తొలిచేదాన్ని. పద్నాలుగు బకెట్లు, పద్నాలుగు మగ్గులు. అంతసేపూ పైపు పారుతూనే ఉండేది. సిగ్గుతో చచ్చిపోయాను. నేనలాగే నిలబడిపోతే కార్ల్ వెళ్లి కుళాయి కట్టేశాడు.

మర్నాటి నుంచి క్రిములు చంపే మందు కలిపిన తడిగుడ్డతో తుడిచి, ఎండలో బోర్లించాను. పదో రోజు హారిస్ మీటరు ముందు గొంతుక్కూర్చుని రెండుసార్లు చూశాడు. కోటా లోపలే ఉన్నాం, వెంట్రుకవాసిలో. బిగించడానికి తెచ్చిన బిళ్లని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"ఎలా చేశారు?"

"అంతా మా ఆవిడే! గెస్టులందరికీ పొదుపు నేర్పింది," అన్నారు మావారు ఛాతీ విరుచుకొని. పక్కనే ఉన్న కార్ల్ ఆకాశం వంక చూస్తున్నాడు.

నేనూ ఊరుకుంటే సరిపోయేది. మనసొప్పలేదు.

"వాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు," అన్నాను. "ఆలస్యంగా నేర్చుకున్నది నేనే."

తరవాత చాలా ఏళ్లు ఇదే పనిలో ఉన్నాను. నీళ్లో కరెంటో ఎక్కడ వృథా అవుతోందో వెతకాల్సొస్తే, గెస్టుల గదుల వైపు వెళ్లేముందు నా చేతుల్లో ఏముందో చూసుకుంటాను.