ఫ్లెక్సీ మీద దయ్యాలు

మా పెద్దమ్మ పోయాక చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడికకు చేవెళ్లలో ఫ్లెక్సీ చేయించే పని నా మీద పడింది. అదే షాపులో నా సండే స్కూలు పిల్లలకు చూపించడానికి ఒక కలర్ ప్రింటు కూడా కావాలి. పెద్దమ్మ ఫొటో, మధ్యయుగాల నాటి చిత్రం ఒకటి, రెండూ వాట్సాప్‌లో ఒకేసారి పంపాను. ఆ చిత్రంలో ఒకడు మంచం మీద చనిపోతుంటాడు. చుట్టూ కొమ్ముల దయ్యాలు. తెరిచిన నోట్లోంచి ఆత్మ పసిబిడ్డలా బయటికొస్తుంటే దేవదూత అందుకుంటాడు. పిల్లలకు దయ్యాలంటే ప్రాణం, బైబిలు వాక్యం అంటేనే నిద్ర.

మా పల్లె హిమాయత్‌నగర్‌లో టెంటు కింద ఫ్లెక్సీ విప్పి చూద్దును కదా, షాపాయన దయ్యాల బొమ్మను బ్యాక్‌గ్రౌండ్ చేసేశాడు! నడుమ పూల చట్రంలో పెద్దమ్మ నవ్వుతోంది. చుట్టూ కొమ్ములు, తోకలు. ఫోన్ చేసి అరిస్తే, మీ దేవుడి బొమ్మే కదమ్మా అన్నాడు మహానుభావుడు.

నా భయమంతా అమ్మ గురించి. చివరి రోజుల్లో జ్వరం తలకెక్కి పెద్దమ్మ కేకలు పెట్టింది, ప్రార్థన చేయబోయినవాళ్లను బూతులు తిట్టింది. దయ్యం పట్టి పోయిందని ఎవరో అనేశారు. అంతే, అక్క పరలోకంలో లేదేమో, ఇక ఎప్పటికీ కనపడదేమో అని అమ్మ ముద్ద మింగడం మానేసింది. పాత బైబిలు వ్యాఖ్యానాలు నాలుగు చదివినదాన్ని, చావు మంచం దగ్గరికి సాతాను వచ్చి భయపెడతాడే గాని విశ్వాసిని ఎత్తుకుపోలేడని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. నా మాట వింటేగా!

ఈలోగా ఎవరో కట్టేసిన ఫ్లెక్సీని చుట్టేద్దామని పరుగెత్తేసరికి అమ్మ దాని ముందే నిలబడి ఉంది. దేవదూత చేతుల్లోని ఆ పసిబిడ్డ మీద వేలు పెట్టి ఇదేందని అడిగింది. ఆత్మ అని, ఆ కాలంలో చావును పుట్టుకలాగే గీసేవారని చెప్పాను.

చాలాసేపు చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"కనేటప్పుడు నొప్పులకు ఒర్లరా బిడ్డా? నిన్ను కన్ననాడు నేను గూడ అక్కను పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టిన. నాకేమన్న దయ్యం పట్టిందా?"

పాస్టరుగారే ముందు నవ్వారు, ఆ తర్వాత టెంటంతా. నాకైతే సంతోషంతో ఏడుపొచ్చింది. కూడిక అయ్యాక అమ్మ బగారన్నం మారు అడిగి తిన్నది. ఇక ఫ్లెక్సీ తీసేయబోతే నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్. మా అక్కను ఎవలు ఎత్తుకున్నరో దారిన పోయేటోళ్లు గూడ సూడనీ."