ఒక్క దుంగ సామిల్లు

ఇనుము, నిప్పు, నెత్తురు, చెమట కలిసిన మహాగాథ ఒకటి ఇక్కడ చెప్పబోతున్నాను. నెత్తురు విషయంలో చిన్న సవరణ: బొటనవేలికి చెక్కపేడు గుచ్చుకుంటే ఒక చుక్క వచ్చింది. నిప్పు సైలెన్సర్ దగ్గర కనిపించింది గానీ మా నాయిన తడి గోనెసంచి వేసి ఆర్పేశాడు. చెమట మాత్రం నిజం, ఎందుకంటే అది మే నెల. కాబట్టి మహాగాథ అనే మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. పదకొండు రోజుల సర్వీసులో ఒక్కటంటే ఒక్క దుంగ కోసి, ఇరవై ఏడో ఏట సామిల్లు వృత్తి నుంచి విరమించినవాణ్ణి. ఆ వృత్తి మీద ఆసక్తి ఉన్నవారికి నా అనుభవం పనికొస్తే సంతోషం.

నా నియామకం పోయినేడు వేసవి చివర ఒక సోమవారం పొద్దున గౌడవెల్లిలో, కూలగొట్టిన మా పాత ఇంటి వాకిట్లో జరిగింది. నియమించింది మా అవ్వ. అంతకు ముందు వారం గాలిదుమారానికి వాకిట్లో వేపచెట్టు వేళ్లతో సహా ఒరిగింది. కొత్త ఇంటికి పునాది లేచింది. దర్వాజ, అంటే గుమ్మం, నిలబెట్టడానికి పంతులు వచ్చే శుక్రవారం కాకుండా ఆపై శుక్రవారం పొద్దున తొమ్మిది నలభైకి ముహూర్తం పెట్టాడు. అవ్వ ఒక్కటే షరతు పెట్టింది.

"నా యాపకట్టెతోనే దర్వాజ నిలవెట్టాలె. లేకుంటే గా ఇంట్ల నేను కాలు వెట్ట. గీ రేకుల షెడ్డులనే ఉంట."

అవ్వ ఊరికే అనే మనిషి కాదు. మా మేనత్త పెళ్లిలో వంటవాడు నచ్చలేదని మూడు రోజులూ అరటిపండ్లు తిని ఉన్న చరిత్ర ఆమెది.

దుంగను ట్రాక్టర్ మీద మేడ్చల్ సామిల్లుకు తీసుకుపోయాం. యజమాని దుంగ మీద అరచేయి ఒకసారి రాసి, చేయి దులుపుకున్నాడు.

"తమ్మీ, గిది దుంగ గాదు, ఇనుప సామాన్ల దుకాణం. నా బ్లేడు ఖరాబైతది. తీస్కపో."

వాకిట్లో పెరిగిన చెట్టును ఏ సామిల్లూ ఇష్టంగా తీసుకోదు. అడవిచెట్టుకు ఎవరూ బట్టలు తగిలించరు. వాకిలి చెట్టుకు మనుషులున్నన్నాళ్లూ మేకులు దిగుతూనే ఉంటాయి. ఒక్క మేకు తగిలినా బ్లేడు పళ్లు రాలిపోతాయి. తిరుగుదారిలో నేను ట్రాక్టర్ మీద నిలబడి, మనమే మిషన్ తయారు చేద్దాం అన్నాను.

"మనం అంటే ఎవర్రా?" అన్నాడు నాయిన.

పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పెట్టెలు చేసే కంపెనీలో నేను మెయింటెనెన్స్ అసిస్టెంటును. హోదా ప్రకారం నా పని స్పానర్ అందించడం. కానీ నాలుగేళ్లుగా పట్టీ రంపం పక్కన నిలబడి స్పానర్ అందించినవాడికి ఆ యంత్రం గురించి ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. సూత్రం సులువే. రెండు చక్రాలు, వాటి చుట్టూ బెల్టులా తిరిగే పళ్ల బ్లేడు, తిప్పడానికి ఒక ఇంజన్. సామిల్లులో దుంగను ట్రాలీ మీద పెట్టి బ్లేడు వైపు తోస్తారు. మా దుంగను తోసే మనుషులు మా ఇంట్లో లేరు కాబట్టి, దుంగను కదలకుండా పెట్టి రంపాన్నే పట్టాల మీద తోసుకుంటూ వెళ్లేలా చేద్దామనుకున్నాను.

కంపెనీలో సెలవు పెట్టాను. కారణం దగ్గర "కుటుంబ అవసరం" అని రాశాను. మేడ్చల్ పాత ఇనుప సామాన్ల షాపులో ఒక ట్రాలీ ఆటో డీజిల్ ఇంజన్ దొరికింది. ఆటో ఏమైందని అడిగితే షాపాయన ఆకాశం వైపు చూశాడు. రెండు పాత కారు చక్రాలు టైర్లతో సహా తెచ్చాను. బ్లేడు ఆ టైర్ల మీదే తిరుగుతుంది. కంపెనీ పక్కన పడేసిన బ్లేడ్లలో ఒకటి సూపర్‌వైజర్ని అడిగి తెచ్చుకున్నాను. ఒక చక్రాన్ని ఇంజన్‌కు కలిపి, రెండోదాన్ని పొడవాటి బోల్టుతో వెనక్కి జరిగేలా పెట్టాను. బ్లేడును బిగించేది ఆ బోల్టే. వెల్డింగు అంతా నేనే చేశాను. దూరం నుంచి చూస్తే అది సామిల్లులాగే ఉండేది. ఎంత దూరం నుంచి అని అడగొద్దు.

రెండో సోమవారం సాయంత్రం ఇల్లంతా చూస్తుండగా తాడు లాగి ఇంజన్ స్టార్ట్ చేశాను. మూడోసారికి అందుకుంది. రంపాన్ని దుంగ మీదికి తోశాను. పొగ వచ్చింది, వాసన వచ్చింది, పొట్టు మాత్రం రాలేదు. పది నిమిషాల తర్వాత చూస్తే దుంగ చివర అద్దంలా నున్నగా మెరుస్తోంది.

బట్టలు ఆరేస్తున్న అమ్మ ఆగి చూసింది. "ఏందిరా, కోస్తున్నవా, ఇస్త్రీ జేస్తున్నవా?"

వేప గట్టిది, బ్లేడు పాతది, ఇంజన్‌కు బలం చాలదు అని మూడు కారణాలు చెప్పాను. అమ్మ దగ్గరికొచ్చి బ్లేడు చూసింది. ఇంజన్ ఒకవైపు తిరుగుతోంది, పళ్లు ఇంకోవైపు చూస్తున్నాయి. బ్లేడును వెనక ముందు చేసి ఎక్కించినా, పైకి కిందికి చేసి ఎక్కించినా పళ్లు అదే మొండితనం చూపించాయి.

"లోపలి దిక్కు బయటికి తిరగేసి తొడగరాదు? బనీను తిరగేస్తలేమా?" అంది అమ్మ, చేతిలో ఉన్న నా బనీనునే తిరగేసి చూపిస్తూ.

తిరగేసి తొడిగాం. కోసింది. మేకుల భయంతో జానెడు కోసి ఆపాం. చీఫ్ ఇంజనీర్ హోదా ఆ సాయంత్రం నా చేతిలోంచి జారిపోయింది.

ఇక మేకులు. మంగళవారం పొద్దున అవ్వ చాక్‌పీసు పట్టుకుని దుంగ ముందు కూర్చుంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని నేను వెనకాల నిలబడ్డాను.

"గిది నీ ఉయ్యాల సీల. గిది బర్రె పలుపుది. గీడ మీ తాత రేడియో తగిలేసెటోడు, వార్తలు వినుడు తక్కువ, నిద్ర వోవుడు ఎక్కువ. గీ నాలుగు సీలలు, ప్లాట్లు అమ్ముతమని బోర్డు కొట్టిపోయిన్రు సూడు, గవి."

గీసిన చోటల్లా మేకు దొరికింది, దొరికినవన్నీ పీకేశాను. కొన్ని బెరడు లోపలికి పోయి పైకి కనబడటమే లేదు. అయినా ఆమె వేలు తప్పలేదు. తూర్పు పక్కకు వచ్చేసరికి మాత్రం చాక్‌పీసు కింద పెట్టేసింది.

"ఆ పక్క?" అన్నాను.

"ఆడ ఏం లెవ్వు. పోయి సాయ తాగు."

అయస్కాంతం కూడా అక్కడ ఏమీ లేదనే చెప్పింది. రెండు సాక్ష్యాలు కలిశాక అనుమానించడం మర్యాద కాదు.

దర్వాజకు నాలుగు ముక్కలు కావాలి: రెండు నిలువు చెక్కలు, పైన ఒక అడ్డచెక్క, కింద గడప. బుధవారం మధ్యాహ్నానికి మూడు కోశాం. గడప చెక్క సగంలో ఉండగా పటాకులా ఒక చప్పుడు. బ్లేడు తెగి కొరడాలా పక్కకు ఎగిరింది. ఆ క్షణంలో నేను చూపిన తెగువను గురించి చెప్పాలంటే, చప్పుడు ఆగేలోపు నేను సిమెంటు బస్తాల వెనక ఉన్నాను. ఇంజన్ ఆపింది నాయిన.

ఉలితో చెక్క చీల్చాడు. అయస్కాంతానికి అందనంత లోతున ఉంది: నాలుగు పలకల పాత మేకు, వేలంత పొడుగు, దాని తలకు చుట్టిన రాగితీగ. చుట్టూ కలప నల్లబడిపోయింది.

"గిదెవరు కొట్టిన్రు?" నాయిన తన తల్లిని అడిగాడు.

అవ్వ కొంగు సర్దుకుంది. "శామీర్‌పేట దిక్కు నుంచి ఒకాయనను విలిపిచ్చి, దయ్యాన్ని గా సీలతోని చెట్టుకు కొట్టిచ్చిన. గీ పోరడు రెండేండ్లోడు అప్పుడు. సుగుణకు గాలి సోకింది గద."

సుగుణ అంటే మా అమ్మ. "నాకా?" అంది.

"నెల దినాలు నోరిప్పలె నువ్వు. పని జేస్తివి, తింటివి, మాట లేదు. గాలి గాక ఏందది?"

"కోపం, అత్తమ్మా. మా నాయిన పెట్టిన స్టీలు బిందె తీస్కపోయి నీ బిడ్డకిచ్చినవ్. గందుకు మాట్లాడలె." ఆ బిడ్డే మా మేనత్త.

"మరి సీల కొట్టిన తెల్లారి మాట్లాడితివి గద!"

"తెల్లారి నీ బిడ్డ బిందె వాపసిచ్చింది గద!"

ఇన్నేళ్ల నమ్మకాన్ని ఒక బిందె కోసం వదులుకోవడం అవ్వకు నచ్చలేదు. అమ్మ మేకు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మాట్లాడలేదు. గురువారం కూడా మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, నోరు తెరవలేదు.

అవ్వకు భయం పట్టుకుంది. నన్ను షెడ్డు వెనకకు పిలిచి, "మళ్ల ఇడిసిపెట్టినవ్‌రా దాన్ని. గా సీల ఇంకో చెట్టుకు కొట్టు జల్ది. గది లోపటవోయేదాంక నేను గడప దాట" అంది. మేకు అమ్మ దగ్గరుంది, అడిగే ధైర్యం నాకు లేదు అన్నాను. నాకూ లేదు అంది అవ్వ. సాంకేతికంగా మేమిద్దరం ఒకే స్థాయికి వచ్చాం.

గురువారం కంపెనీలో మా ఫిట్టర్ బ్లేడు అతికించి ఇచ్చాడు. తెగిన రెండు కొసలనూ చదునుగా అరగదీసి, వేడితో కలిపి, మళ్లీ మెల్లగా చల్లార్చాలి. లేకపోతే అతుకు గాజులా విరుగుతుంది. బ్లేడు రెండు అంగుళాలు తగ్గింది, చక్రాన్ని ఒక అంగుళం దగ్గరికి జరిపాను. చీకటి పడేలోపు ఇంకో వైపు నుంచి గడప కోశాం. దాని ఒక చివర మేకు నలుపు రూపాయి బిళ్లంత ఉండిపోయింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకే దర్వాజను లేపి ఉంచారు; ముహూర్తానికి అవ్వ గడప దాటడం, అమ్మ పసుపు పూయడం మిగిలాయి. గోడలు లేవు. ఖాళీ పునాది మధ్య ఒక్క దర్వాజ, దాని చుట్టూ ఎటు చూసినా ఆకాశమే. అవ్వ ఎటువైపు నుంచైనా నడిచి రావచ్చు. కానీ ఆమె లేని ఇంటి ముందు, ఉన్న గడపకు అవతల నిలబడిపోయింది. ఇవతల అమ్మ పసుపు గిన్నెతో, మూసిన నోటితో. పంతులుకు అల్వాల్‌లో ఇంకో ముహూర్తం ఉంది. ఆయన గడియారం చూస్తున్నాడు. నాయిన నన్ను చూస్తున్నాడు, అంతా నేనే చేసినట్టు.

అవ్వ గిర్రున తిరిగి షెడ్డులోకి పోయింది. బయటికొచ్చేసరికి చంకలో స్టీలు బిందె, అదే బిందె. నీళ్లతో తెచ్చి గడప ముందు దించింది.

"సుగుణా, నాదే తప్పు. గాలి అన్నది తప్పు, బిందె ఇచ్చింది తప్పు. తిట్టన్న తిట్టు గని నోరు తెరువు."

అమ్మ బిందెలోకి తొంగి చూసింది. "సగమే నింపినవేంది? శుభకార్యానికి ఎవలన్న గిట్ల తెస్తరా?"

అవ్వ ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "గాలి గాదురా, గిది ఆమెనే!" అని గడప దాటేసింది. తొమ్మిది నలభై ఒకటి. ఆ ఒక్క నిమిషాన్ని పంతులు మన్నించాడు. నలుపు మచ్చ మీద అమ్మ పసుపు కాస్త మందంగా పూసింది.

ఆ పై సోమవారం, సామిల్లు నడపాలంటే అటవీశాఖ లైసెన్సు ఉండాలని నాయినకు ఎవరో చెప్పారు. మధ్యాహ్నానికల్లా సామిల్లు విప్పేశాం. కారు చక్రాల మీద ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి. ఇంజన్ తిరిగి ఇనుప సామాన్ల షాపుకే వెళ్లింది. ఈసారి ఆకాశం వైపు చూడటం నా వంతు. మేకును అమ్మ షెడ్డు గుంజకు కొట్టి చాయ జాలి తగిలించింది. గాలి సంగతి నాకు తెలియదు గానీ, చాయ బాగానే వడపోస్తోంది.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: మేకులు ఎక్కడున్నాయని ఇంట్లో ఒక్కరినే అడిగితే చాలదు, మిగతావాళ్లనూ అడగాలి. పని అయిపోగానే బ్లేడు బిగువు వదలాలి, లేకపోతే టైరు మీద గాడి పడుతుంది. పచ్చి వేపతో దర్వాజ చేయించుకుంటే మొదటి వానకాలంలో తలుపు పైమూల పట్టేస్తుంది. వడ్రంగిని పిలిచి అక్కడ కొంచెం చిత్రిక పట్టించుకోవాలి.