టైలరక్క ఐదు లెక్క

టైలరక్క క్లారినెట్ అందుకుంటే ఆ వీధిలో కుక్కర్లు కూడా కూత వేయడానికి మొహమాటపడేవి. ఇందులో ఆవగింజంత అబద్ధం ఉంటే ఉండనీయండి. ఊరి బ్యాండులో ఆమె పద్నాలుగేళ్లుగా ఊదుతున్న మాట మాత్రం పచ్చి నిజం.

భుజం పట్టేసి, బ్యాండు నడిపే మాస్టారు ఇక తప్పుకుంటానన్నాడు. "ఈ కొత్త పాటని ఆదివారం ఎవరు ఆగకుండా చివరిదాకా నడిపిస్తే, లెక్క చూపించే ఈ కర్ర వాళ్లది." ఆ పాటకు ఒకచోట ఐదు లెక్కలు, మరుక్షణం ఏడు. మూడు కాళ్లున్నవాళ్లు తప్ప నడవలేని నడక. ముందుకొచ్చింది టైలరక్క ఒక్కతే.

మూడు నెలలు కుట్టుమిషను మీద ఫోను నిలబెట్టి, పెద్ద పెద్ద బ్యాండ్ల వీడియోలు చూస్తూ చెయ్యి ఆడించింది. ఆ రోజుల్లో కుట్టిన ప్రతి చొక్కాకూ ఏడు గుండీలే వచ్చాయట.

"ఈగలు తోలుతున్నావా?" అన్నాడు బస్సు నడిపే మొగుడు.

"ఆ. ఒకటి మాత్రం ఎంత తోలినా పోకుండా గుమ్మంలో నిలబడి మాట్లాడుతోంది."

ఆదివారం పొద్దున రిహార్సల్ గదిలో ముప్పై మంది కూర్చున్నారు. మొదటి పేజీలో కిందికీ పైకీ రెండే లెక్కలు, వెన్నలా సాగిపోయింది. ఐదు లెక్కలు రాగానే సాక్సోఫోన్లు ఒక దారి, ట్రాంబోన్లు ఇంకో దారి పట్టాయి. ట్రంపెట్లు ఎటూ పోలేక నోరు మూసుకున్నాయి. పాట ఆగిపోయింది.

"టీ తాగిరండి. ఇంకొక్కసారి. అంతే," అన్నాడు మాస్టారు.

ఆమె టీ గ్లాసు అందుకుంది. వెనక వరసలో పెద్ద డ్రమ్ము కొట్టే పోస్ట్‌మ్యాన్ మెల్లగా పక్కకొచ్చాడు. "అక్కా, రెండో దెబ్బ లోపలికి రావాలి. నువ్వు బయటికి విసురుతున్నావేంటి? సగం మంది మూడోది అనుకుంటున్నారు."

అప్పుడు వెలిగింది. వీడియోలో బ్యాండు నడిపే మాస్టరు ఎదురుగా ఉంటాడు. తెర మీద అతని చెయ్యి ఎటు పోతే ఈమె చెయ్యీ అటే పోయింది; అతనికి లోపలైనది ఈమెకు బయటైంది. మూడు నెలల సాధనంతా తిరగేసి కుట్టిన చొక్కా!

"పోనీలే అక్కా, మేమే మారిపోతాం. బయటికి విసిరితే రెండు, అంతేగా?" అంది ట్రంపెట్ ఊదే నర్సు.

"రేపు ఇంకో మాస్టరొస్తే ముప్పై మందినీ విప్పి మళ్లీ కుట్టాలా? నా ఒక్కదాని కుట్టే విప్పుకుంటా."

గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది. మనసులోనే ఆ వీడియో మాస్టరును భుజాలు పట్టి గిర్రున తిప్పి, అతని వీపు వెనక నిలబడింది. కిందికి, లోపలికి, బయటికి... గోడ గడియారం కూడా ఆమె కోసం ఐదు నిమిషాలు ఆగిందని పోస్ట్‌మ్యాన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఈసారి ఐదు దాటారు. ఏడూ దాటారు. ఆఖరి పేజీలో పాత అలవాటు చేతిని మళ్లీ బయటికి లాగింది. ముప్పై మందీ ఆ చేతిని వదిలేసి, ఆమె పెదాల మీద కదులుతున్న లెక్కను పట్టుకున్నారు. పాట చివరంటా వెళ్లింది.

మాస్టారు లేచొచ్చాడు. "చెయ్యి తప్పావు."

"తప్పాను మాస్టారూ."

"ఆగకూడదన్నాను గానీ, తప్పకూడదని నేనెప్పుడన్నాను?" ఆమె అరచేతిలో పాటల బీరువా తాళంచెవి పెట్టాడు. "కర్ర నీదే. లోపల ఇంకో నలభై పాటలున్నాయి. ఇంతకంటే వంకరవి. సుఖపడు."

ఆయన చెప్పడం పూర్తికాకముందే టైలరక్క బీరువా తెరిచింది.